పీపాలో గురక

ఆ ఏడు ఎండలు ఎంత మండాయంటే, కాకులు ఎగరడం మానేసి గోడ నీడ పట్టుకుని నడిచి వెళ్లేవి. ఒక కాకి మా సందు చివర ఆగి నన్ను దారి అడిగిందని చెబితే మా కోడలు నమ్మదు. నేనేం చెప్పినా సగం కోసి పారేసి మిగతాది వినడం ఆవిడ అలవాటు. అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో కాకి సంగతి తప్ప నేను పెంచింది ఏమీ లేదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

అది సమ్మె కాలం. మాది తుక్కు ఇనుము కరిగించే ఫ్యాక్టరీ. నేను నా వయసంతా ఆ కొలిమి ముందు కాల్చుకుని, ఒంట్లో తడంతా అక్కడే ఆరబోసి బయటికొచ్చాను. నా తర్వాత మావాడు చేరాడు. కరిగిన ఇనుమును మోసే తొట్టికి ఒక గొలుసు ఉండేది, నా పెళ్లికి ముందు వేసిన గొలుసు. ఆ వేసవి మొదట్లో అది తెగింది. కింద నిలబడ్డవాడు బతికాడు గానీ మోకాళ్ల కింద ఏమీ మిగల్లేదు. గొలుసులన్నీ మార్చేదాకా కొలిమి వెలగదని జనం బయటికొచ్చేశారు. కంపెనీ ఎక్కడినుంచో కాపలావాళ్లని లారీల్లో దింపింది. వాళ్ల కర్రలకి చివర ఇనప పొన్నులుండేవి.

మొదటిరోజే గేటు దగ్గర ఒకడి చెవి తెగి వేలాడింది. వాడు దాన్ని అరచేత్తో అదిమి పట్టుకునే రెండో చేత్తో రాళ్లు విసిరాడు. ఆ తర్వాత మా సందు మొదట్లో ఒక లారీని పక్కకి పడదోసి, పీపాలు, టైర్లు, విరిగిన బండ్లు పేర్చి అడ్డు కట్టారు. అటువైపు వాళ్లు, ఇటువైపు మేము. రోజూ టైర్లు కాలేవి. ఆ పొగకి సందులో అందరి కళ్లూ ఎర్రగా, నీళ్లు కారుతూ ఉండేవి. ఎవరైనా కళ్లు మండుతున్నాయంటే, ఇంకెవరికి మండట్లేదని నవ్వేవాళ్లం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

అప్పటికి మా కోడలికి ఏడో నెల దాటింది. సమ్మెకి ముందే ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఇంటికొచ్చి, ఆ పిల్ల ఫోన్లో ఏదో వేసి వెళ్లింది. తొలిచూలు, పైగా వాళ్లమ్మ కాన్పులోనే పోయింది కాబట్టి జాగ్రత్తగా చూడాలంది. ఆ ఫోన్ చేసే పని నాకు నచ్చింది. మనిషి ఎంత నడిచిందో, ఎంతసేపు పడుకుందో, నిద్రలో ఎన్నిసార్లు లేచిందో అది చూస్తూనే ఉంటుంది. అక్షరాలు నొక్కే వేలు నిన్నటికంటే నెమ్మదించినా దానికి తెలుస్తుంది. పొద్దున్నే ఒక వాక్యం చూపించి పైకి చదవమంటుంది. రోజూ అదే వాక్యం. "కిటికీ తెరిచాను, చల్లగాలి లోపలికి వస్తోంది." ఆ చదవడంలో ఊపిరి ఎక్కడ తెగుతోందో విని, అన్నీ కలిపి, ముప్పు ఇంకా మనిషికి తెలియకముందే కేంద్రంలో ఉన్న నర్సమ్మకి రంగు చూపిస్తుంది. పచ్చ అయితే సరే. పసుపు అయితే నర్సమ్మ ఫోన్ చేస్తుంది. ఎరుపు అయితే ఆవిడే వస్తుంది.

మా ఇంట్లో కిటికీ తెరిస్తే వచ్చేది టైరు పొగ. అయినా మా కోడలు రోజూ పొద్దున్నే బుద్ధిగా చల్లగాలి వస్తోందని చదివేది. నాకంటే పెద్ద అబద్ధాలకోరువి నువ్వేనమ్మా అని నేననేవాణ్ణి.

ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. నేను మధ్యాహ్నం పడుకున్నప్పుడు నా గురకని రికార్డు చేసి ఫోన్‌కి మోతగా పెట్టుకుంది. దాంతో ఎవరు ఫోన్ చేసినా నేను గురక పెట్టేవాణ్ణి. నర్సమ్మ ఇంట్లో ఉండగా ఒకసారి మోగితే, ఆవిడ నా వైపు చూసి, మేలుకుని కూడా ఇంత బాగా ఎలా వస్తుంది తాతగారూ అంది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం పాత గోదాములో మావాళ్లు రహస్యంగా కూడారు. ఎవరికీ తెలియని చోటు. కూర్చుని బీడీ వెలిగించేలోపే కాపలావాళ్లు రెండు వాకిళ్లలోంచీ వచ్చిపడ్డారు. లోపల పారిపోయే దారి లేదు. కర్రలు పైకి లేచినప్పుడు పైకప్పు రేకులకి తగిలి మోగాయట, దిగినప్పుడు ఏ మోతా లేదట. మావాడు వీపంతా నల్లగా కమిలి ఇంటికొచ్చాడు. ఒకడు మాత్రం ఇంటికి రాలేదు. వాణ్ణి మర్నాడు మంచమ్మీద తెచ్చి, వాళ్ల వాకిట్లో దింపి వెళ్లారు.

చెప్పిందెవరు అని సందంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంది. చివరికి ఫోన్ల మీదికి పోయింది. ఫోన్ ఎక్కడుందో కంపెనీకి తెలుస్తుందట, స్విచ్ ఆపినా చెవులు పనిచేస్తూనే ఉంటాయట. నిజమో అబద్ధమో నాకు తెలియదు. దెబ్బలు తిన్నవాళ్లకి ఏదో ఒకటి నమ్మడానికి కావాలి. అందుకని సందులో ఉన్న ప్రతి ఫోనూ యూనియన్ గదిలో నూనె పీపాలో పడాలని, సమ్మె తేలేదాకా బయటికి రాకూడదని తీర్మానించారు. తీసినవాడు ద్రోహి. ఆ పని మావాడి మీద పెట్టారు.

మావాడికి న్యాయం ఎక్కువ. అది మా ఇంటి జబ్బు. జనమంతా చూస్తుండగా ఇంట్లోకొచ్చి, ముందు నా ఇంటిదే వెయ్యాలి, అప్పుడే ఇంకొకరిని అడగ్గలను అని పెళ్లాం ముందు చెయ్యి చాపాడు. ఆ పిల్ల ఇవ్వలేదు. ఫోన్‌ని రొమ్ముకి అదుముకుని నిలబడింది.

"ఇది ఫోన్ కాదు. నా మీద ఓ కన్నేసి ఉంచే మనిషి."

"ఇంతమందిమి ఉన్నాం, నిన్ను చూడ్డానికి మేం చాలమా?" అన్నాడు మావాడు.

"మీరంతా గేటు వైపు చూస్తున్నారు" అంది.

వాడు ఆ పిల్ల వేళ్లు విడదీసి తీసుకున్నాడు. కొట్టలేదు. ఆ వేళ్లు ఒక్కొక్కటీ విడదియ్యడం చూస్తే, కొట్టినా అంత నొప్పి ఉండేది కాదనిపించింది.

అదేరోజు వెల్డర్ ఒకడు బూటులో ఫోన్ దాచాడు. ఊళ్లో ముసలి తల్లి ఉంది, రోజుకోసారి గొంతు వినకపోతే అన్నం ముట్టదు, అదీ వాడి గోల. మావాడు వాణ్ణి నడి సందులో పడేసి కొట్టాడు. కిందపడ్డాక కూడా కొట్టాడు. వెల్డర్ మొహం వాచి ఒక కన్ను మూతపడింది. నా పెళ్లాందే వేశానురా నేను, నీకేంటిరా, అని ప్రతి దెబ్బకీ అన్నాడు. ఆ తర్వాత ఇక పెళ్లాం ఫోన్ తీసివ్వాలని వాడికే అనిపించినా, ఏ మొహం పెట్టుకుని తీస్తాడు?

పీపాకి కాపలా నేను. పీపా ఇనప మూతని సమ్మెట పట్టుకుపోయాడు. సమ్మెట అంటే మనిషే, కొలిమిలో మావాడి జతగాడు. చెయ్యి అంత లావుగా ఉండేదని ఆ పేరు నేనే పెట్టాను, సుత్తి పట్టడం కూడా నేనే నేర్పాను. ఆ మూతకి తోలుపట్టీ బిగించి డాలుగా చేసుకుని వాడు అడ్డు దగ్గర నిలబడేవాడు. అటునుంచి వచ్చిన రాళ్లన్నీ దానిమీద గణగణమనేవి. మూత పోయింది కాబట్టి గదికున్న తలుపు రెక్క ఊడదీసి పీపా మీద పరిచారు. దానిమీద నేను కూర్చునేవాణ్ణి. నా పీఠం కింద సందులోని ఫోన్లన్నీ ఒకేసారి మోగుతుంటే, కందిరీగల తుట్టె మీద కూర్చున్న మహారాజులా ఉండేవాణ్ణి. ఎక్కడెక్కడి తల్లులు, అక్కలు, అప్పులవాళ్లు నా కింద ఏడ్చేవాళ్లు. రానురాను చార్జింగులు అయిపోయి ఒక్కొక్కటీ గొంతు మానేసింది. కోడలిది మాత్రం పీపాలో పడేముందే నిండుగా ఎక్కించి ఉంది.

ఆ పొద్దున నేను గదికి బయల్దేరుతుంటే మా కోడలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం ఉబ్బింది. తలనొప్పి, కళ్ల ముందు మిణుకు మిణుకుమంటూ ఏవో ఎగురుతున్నాయి మామయ్యా అంది. పొగమ్మా, అందరికీ అలాగే ఉంది అన్నాను. అలవాటుగా కిటికీ వైపు తిరిగి, ఫోన్ లేని చేతిని మొహం ముందు పెట్టుకుని చదివింది. "కిటికీ తెరిచాను, చల్లగాలి..." లోపలికి అనే మాట దగ్గర ఊపిరి చాలక ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టలేదు.

మధ్యాహ్నం అడ్డు దగ్గర పెద్ద గలాటా అవుతోంది. నేను పీపా మీద కూర్చుని ఉన్నాను. నిద్రపోవట్లేదు, ఒట్టు. కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి. మిగతా ఫోన్ల రొద అణిగాక, అప్పుడు మొదటిసారి నా గురక నాకు వినిపించింది.

కిందనుంచి వచ్చింది. ఆగి, మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగి, మళ్లీ. ఫోన్ చేసేవాళ్లు ఎవరో గానీ వదలట్లేదు. నా గురక అంత భయంకరంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. చావబోయేవాడు ఎగబీల్చినట్టుంది.

తలుపు రెక్క పక్కకి జరిపి, నడుం దాకా పీపాలోకి వంగి, చచ్చిన ఫోన్లన్నీ కెలికి దాన్ని పట్టుకున్నాను. పైకి లేచేసరికి సమ్మెట గుమ్మంలో ఉన్నాడు. నుదురు పగిలి రక్తం కంట్లోకి కారుతోంది, గుడ్డ చుట్టుకోడానికి వచ్చాడు. నన్ను, నా చేతిలోదాన్ని చూశాడు. డాలు అంచుతో నా మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకంటే ముందు వాడే విన్నాడనుకుంటా, మొహం ఒక్క క్షణం అదోలా అయింది. అయినా ఆగలేదు. రెండో దెబ్బ నా నోటి మీద. నాకు అప్పటికి పనికొచ్చే పళ్లే తక్కువ, అందులో మంచివి ఏరుకుని మరీ రాలాయి. నేను పడ్డాను. ఫోన్ పడ్డచోటే వెలుగుతూ, నేను పడిపోయాక కూడా గురక పెడుతూనే ఉంది. ఎడంచేత్తో నొక్కాను. నర్సమ్మ గొంతు గదంతా వినిపించింది.

"ఎవరు మాట్లాడేది? అమ్మాయి ఎక్కడ?"

నోట్లో రక్తంతో నేను మామని, ఫోన్ పీపాలో ఉందని ఏదో చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తల నొప్పంటోందా, కళ్ల ముందు మెరుపులంటోందా, మొహం ఉబ్బిందా అని వరసగా అడిగింది. అన్నిటికీ అవునే. ఫోన్ ఆ పిల్ల చేతిలో ఉన్న ఆఖరి రోజుల్లో వేలు నెమ్మదించడం, నిద్ర తెగడం, ఊపిరి చాలకపోవడం అన్నీ ఒకే వైపు పోతున్నాయి, రంగు పసుపు దాటుతుండగా ఒక్కసారిగా ఫోన్ మూగబోయింది, నడక లేదు, గొంతు లేదు, అప్పటినుంచీ చేస్తూనే ఉన్నానంది.

"రక్తపోటు తలకెక్కుతోంది. ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. నేను మీ అడ్డుకి అవతలే ఉన్నాను, వ్యాన్ని కదలనివ్వట్లేదు వీళ్లు. ఎలాగోలా ఇక్కడిదాకా తీసుకురండి."

సమ్మెట విన్నాడు. కంట్లో రక్తం తుడుచుకున్నాడు. నేను వాడి మొహం వంక చూడలేదు, చూస్తే ఇంకోటి తగులుతుందేమోనని. వాడు నామీంచి దాటి వెళ్లి, పీపా మీదనుంచి తలుపు రెక్కని రెండు చేతులా ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"లే బాబాయ్" అన్నాడు.

మేం ఇంట్లోకి వెళ్లేసరికి ఆ పిల్ల నేలమీద ఉంది. పళ్లు గిట్టకరుచుకుని, కళ్లు తేలేసి, కొయ్యలా బిగుసుకుని కొట్టుకుంటోంది. మడమలు నేలకి తగిలి తగిలి తోలు లేచిపోయింది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి అని ఫోన్లోంచి నర్సమ్మ చెబుతూనే ఉంది. కొట్టుకోవడం ఆగాక తలుపు రెక్క మీదికి చేర్చాం. సమ్మెట తన డాలు తీసి ఆ పిల్ల కడుపు మీద బోర్లించి పెట్టాడు. అప్పుడు నాకు అది చలికి దుప్పటి కప్పినంత మామూలుగా కనిపించింది.

నా ఒంటిచేత్తో ఎత్తలేను. వాడు ఒక వైపు ఎత్తి ఈడ్చుకుంటూ సందులోకి తెచ్చాడు. అడ్డు దగ్గర మావాడు వెనక్కి తిరిగి చూశాడు. చేతిలో రాయి కింద పడేసి వచ్చి రెండో వైపు ఎత్తాడు. దారి తియ్యండిరా అన్నాడు.

ఎవరూ కదల్లేదు. దారి తీస్తే వాళ్లు లోపలికొస్తారు, ఇన్నాళ్ల సమ్మె ఒక్క నిమిషంలో పోతుందని అందరికీ తెలుసు. ఎదురుగా నిలబడ్డవాడు వెల్డర్. వాడి కన్ను ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. తలుపు మీద ఉన్న పిల్లని చూశాడు, నా చేతిలో ఉన్న ఫోన్ చూశాడు, మావాణ్ణి చూశాడు.

"దీన్ని ఎప్పుడు తీశారు పీపాలోంచి?"

మావాడు తలుపు దించకుండానే ఇంకో అడుగు ముందుకేశాడు. వెల్డర్ బలం కొద్దీ వాడి నోటి మీద గుద్దాడు. మావాడి చేతులు రెండూ తలుపుకి ఉన్నాయి. తల పక్కకి తిరిగింది, మళ్లీ ముందుకొచ్చింది, చేతులు దిగలేదు. వెల్డర్ ఇంకో దెబ్బకి చెయ్యెత్తి, దించేసి, వెనక్కి తిరిగి మొదటి పీపాని తనే కాలితో తన్ని పక్కకి దొర్లించాడు. ఆ తర్వాత అందరూ లాగారు.

సందు తెరుచుకోగానే అటువాళ్లు మీదపడుతున్నామనుకున్నారు. నర్సమ్మ అవతల నుంచి గర్భిణీ, గర్భిణీ అని గొంతు చించుకుంటోంది గానీ ఆ అరుపుల్లో అది ఎవరికి వినిపిస్తుంది? కర్రలు లేచాయి. మావాడు ముందు, సమ్మెట వెనక. ఇద్దరికీ చేతులు ఖాళీ లేవు. వీపు మీద, మెడ మీద, మోచేతుల మీద పడుతుంటే, వానలో నడిచేవాళ్లలా తలలు వంచుకుని నడిచారు. రాళ్లు వచ్చి ఆ పిల్ల కడుపు మీది ఇనప మూతకి తగిలి గణేల్‌మని ఎగిరిపోయాయి. నేను పక్కన నడుస్తూ వాళ్లని తిడుతున్నాను. ఏం తిట్టానో గుర్తులేదు. పళ్లు లేక సగం ఉత్త గాలిగా పోయి ఉంటాయి.

తలుపు వ్యాన్లోకి దూరింది. మావాడి వేళ్లు అంచుకి బిగుసుకుపోయి విడిరాలేదు, దాంతోపాటే వాడూ లోపలికి పోయాడు. నర్సమ్మ నన్ను కాలరు పట్టి లోపలికి లాగింది. వెనక నుంచి నెట్టిన సమ్మెట బయట మిగిలాడు. బండి కదిలింది.

వెనక అద్దంలోంచి చూశాను. వాడు డాలు అడ్డుపెట్టబోయినట్టు ఎడంచెయ్యి ముందుకు పెట్టాడు. ఆ చేతికి ఏమీ లేదు. తర్వాత కాపలావాళ్ల వీపులే కనిపించాయి, మధ్యలో కర్రలు లేస్తూ దిగుతూ.

వాడు మళ్లీ లేవలేదు.

ఆసుపత్రిలో కడుపు కోసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. కొలిమిలో రాలిన రవ్వంత ఉంది. గాజుపెట్టెలో పెట్టారు. తల్లికి తెలివి రాలేదు. మావాడు వరండాలో నేలమీద కూర్చున్నాడు. పెదవి చీలి, ముందు పళ్లు లేక, మొహం వాడిది కానట్టుంది. నా చేతికి కట్టు కట్టారు. తెల్లారింది. ఫోన్ ఇంకా నా జేబులోనే ఉంది. దానికి ఇవేమీ తెలియవు కదా, పొద్దున్నే తన వేళకి వెలిగి, వాక్యం చూపించి, దయచేసి పైకి చదవండి అంది.

నేను జేబులోంచి తియ్యగానే మావాడు అందుకున్నాడు. చాలాసేపు చూసి, చదివాడు. "కిటికీ తెరిచాను. చల్లగాలి లోపలికి..." వాడికి ఊపిరి తెగింది. ఆగి, తుడుచుకుని, పూర్తి చేశాడు. ఫోన్ కాసేపు ఆలోచించింది. తెర అంతా ఎర్రబడింది. మీకు ముప్పు ఉంది, వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి అంది.

"ఆసుపత్రిలోనే ఉన్నాంలే" అన్నాడు వాడు, దానితో.

ఆ మర్నాడు కోడలికి తెలివొచ్చింది. బిడ్డని అడిగింది, ఉందన్నాం. ఫోన్ అడిగింది, ఇచ్చాం. సమ్మెటని అడగలేదు, తెలియదు కాబట్టి. ఆ సంగతి చెప్పింది మావాడే. తలుపు వేసుకుని చెప్పాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

సమ్మె మేం అడ్డు తీసిన ఆ పూటే విరిగింది. ఆ బిడ్డే విరగ్గొట్టిందని సందులో కొందరు అనేవాళ్లు, ఇప్పటికీ అంటారు. గొలుసులు మాత్రం వానలు పడకముందే మారాయి, ఎవరితోనూ చెప్పకుండా.

వ్యాన్లోంచి ఆ ఇనప మూతని నర్సమ్మ ఇంటికి తెచ్చిచ్చింది. సమ్మెట వాళ్లమ్మకి ఇద్దామని పట్టుకెళితే ఆవిడ తలుపు తియ్యలేదు. ఇప్పుడది మా పెరట్లో నీళ్ల తొట్టి మీద ఉంది. మనవరాలికి నడక వచ్చింది, గరిటె దొరికితే చాలు వెళ్లి దానిమీద వాయిస్తుంది. సొట్ట పడ్డచోట ఒక మోత, పడనిచోట ఇంకో మోత. రెండూ తేడా తెలిసినట్టు మార్చి మార్చి కొడుతుంది. నేను తాళం వేస్తాను. కోడలు ఒక్కసారి కూడా వద్దనలేదు.

మావాడు మాత్రం ఆ మోత వినగానే ఏ పనిలో ఉన్నా ఆపేసి, చెప్పులు వేసుకుని సందు చివరిదాకా వెళతాడు. అడ్డు ఉన్నచోట ఎడంచెయ్యి జేబులో పెట్టుకుని నిలబడతాడు. పిల్ల గరిటె పారేశాక వస్తాడు.